కన్నమ్మ పంతం

“తెలుగులో రాసినా ఒప్పుకుంటారత్తా. అడిగొచ్చాను కదా,” అన్నాడు హేమంత్ మూడోసారి.

“నాకొద్దు బాబూ. ఈ ఊరి అచ్చరాలే నేర్సుకుంతాను,” అంది కన్నమ్మ, బియ్యం కడుగుతూ.

హేమంత్‌కి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. కొరియాలో ఓడలు కట్టే కంపెనీలో అతను ఇంజినీరు. భార్య ప్రియకీ అక్కడే ఉద్యోగం దొరికింది, వచ్చే నెల చేరాలి. రెండేళ్ళ గీతికని సాయంత్రం డేకేర్ నుంచి తీసుకురావడానికే అత్తగారిని కాశీబుగ్గ నుంచి పిలిపించారు. అక్కడ ఎవరొచ్చినా రిజిస్టర్‌లో తమ చేత్తో పేరు రాస్తేనే పిల్లని పంపుతారు. ఏ భాషైనా పరవాలేదన్నారు. ఇంత చిన్న పనికి ఆవిడ కొరియన్ తరగతిలో చేరతానని మొండికేసింది.

“నువ్వు నేర్చుకోలేకపోతే ప్రియ ఉద్యోగం పోద్ది.”

“రాత్తానన్నాను కదేటి.”

కాశీబుగ్గ వైపు ఉద్దానం వాళ్ళు వద్దంటే వద్దేనని టెక్కలిలో హేమంత్ వాళ్ళ నాన్న పెళ్ళికి ముందే చెప్పాడు. పెళ్ళై మూడేళ్ళైనా అత్తగారితో గడిపింది పట్టుమని పది రోజులు లేదు కాబట్టి ఆ సంగతి ఇప్పుడు తెలిసొచ్చింది. సాయానికి ప్రియ వైపు చూశాడు. ఆమె పిల్ల జుట్టు దువ్వుతూ తలెత్తలేదు. పైగా మర్నాడు తనే వెళ్ళి తల్లిని కొరియన్ నేర్పే మొదటి తరగతిలో చేర్పించి, రెండు నోటుపుస్తకాలు కొనుక్కొచ్చింది.

ఆవిడ పద్ధతులే వేరు. ముప్పై ఏళ్ళు జీడిపప్పు కార్ఖానాలో చేసిన మనిషి, గింజని చూసి రకం చెప్పేస్తుంది. ఫోన్‌లో మెసేజ్ పెట్టమంటే మాత్రం మాటలు రికార్డు చేసి పంపుతుంది. ఒకరోజు హేమంత్ ఆవిడ నోటుపుస్తకం తిరగేశాడు. పేజీల నిండా కొరియన్ అక్షరాలే, ఒక్కొక్కటీ వందసార్లు.

“కింద తెలుగులో రాసుకుంటే గుర్తుంటాయి కదత్తా. అందరూ వాళ్ళ భాషలో రాసుకుంటారు.”

“దొడ్డిదారి నాకొద్దు.”

అతనికి ఒళ్ళు మండింది. “తెలుగంటే నామోషీయా?”

“నామోషీ నాకెందుకు? ఎవుల్నీ బతిమాలకుండా నా సేత్తో నేను రాత్తాను. సూద్దువుగాని.”

ప్రియ ఉద్యోగంలో చేరడానికి ముందురోజు ముగ్గురూ డేకేర్‌కి వెళ్ళారు. అవసరమైతే తనే సంతకం పెడదామని హేమంత్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు. కన్నమ్మ జీడి నూనెకి నల్లబడిన వేళ్ళు చీరకి తుడుచుకుని, రిజిస్టర్ మీదకి వంగి, మూడు అక్షరాలు గట్టిగా ఒత్తి రాసింది. అక్కడి టీచరు ఆ పేరు పైకి చదివి గీతికని తీసుకొచ్చింది. కన్నమ్మ పిల్లని చంకనెత్తుకుని, అల్లుడి వంకైనా చూడకుండా గేటు దాటింది.

ప్రియ రిజిస్టర్ మీద చెయ్యి పెట్టి నిలబడి ఏడుస్తోంది.

“రాసింది కదా, ఇంకా ఏడుపెందుకు?” అన్నాడు హేమంత్. “అదేదో తెలుగులోనే రాసుంటే నెల రోజుల గొడవ తప్పేది.”

“అమ్మకి తెలుగు రాయడం రాదు,” అంది ప్రియ.