తాయారమ్మ కథలో తిట్లు

మా ఊరి కథకుల సంఘం అధ్యక్షుడికి బహుమతులు తెచ్చిన కథలన్నీ యంత్రం రాసినవని బయటపడి పరువు పోయాక, సంఘంలో సాక్షి పెన్ను తప్పనిసరైంది. రాసేవాళ్ల ఇంట్లోనే ఉండి, ఏ వాక్యం ఎవరి నోట పుట్టిందో అది విని, సభలో చెప్పేస్తుంది. దేవుడికి దణ్ణం పెట్టుకుని రాసే తాయారమ్మకి మాత్రం, ఇంకో సాక్షి ఎందుకా అనిపించేది.

ఆ ఆదివారం సభలో సభ్యత్వం కోసం ఆమె తన తొలి కథ చదవగానే చప్పట్లు మోగాయి. అంతలో పెన్ను ఎర్రగా వెలిగింది.

“ఒక వాక్యం మీది కాదంటోందమ్మా,” అన్నాడు కార్యదర్శి శర్మ.

ఇక సభ్యత్వం రానట్టే అనుకుంది తాయారమ్మ. అయినా లేచి నిలబడింది.

“నిజమేనండీ. చిక్కుడుకాయలు ఒలుస్తూ మా అత్తగారన్న మాట. బాగుందని రాసేసుకున్నాను. ముందే చెప్పకపోవడం తప్పే.”

వెనక వరుసలోంచి అత్తగారు వెంకాయమ్మ కేకేసింది. “ఒక్కటేనేంటే? కథలో మేనత్త తిట్టే తిట్లన్నీ నావే కదా!”

“పెన్ను పట్టుకోలేదే!” అన్నాడు శర్మ.

“అది రాకముందు తిట్టినవి నాయనా, దానికేం తెలుసు!”

“అవునండీ, అవీ అత్తయ్యవే,” అంది తాయారమ్మ.

హాలంతా గొల్లున నవ్వింది. శర్మ నవ్వాపుకుంటూ పెన్ను ఆర్పేసి, సభ్యుల పుస్తకం తెరిచాడు.

“పెద్దమ్మగారూ, మీ పేరు కూడా రాయాలి.”

“కోడలి పేరే ముందు రాయి నాయనా. అన్ని తిట్లూ ఓపిగ్గా విన్నది అదే!”