నాలుగో సీటు

"కాస్త సర్దుకోండి దీదీ."

శ్యామ్‌నగర్‌లో రైలెక్కగానే సుతపా కర్మకార్ రోజూ అనే మొదటి మాట ఇదే.

కలకత్తాలో శియాల్దా స్టేషనుకు వెళ్ళే లోకల్ రైల్లో ముగ్గురి బల్ల మీద నలుగురు కూర్చోవాలి. ఆ లైనులో అది అందరూ ఒప్పుకున్న న్యాయం. నాలుగోవాళ్ళకు దక్కేది బల్ల అంచు మాత్రమే.

ఎనభై ఎనిమిది కిలోల సుతపాకు ఆ అంచు కూడా సరిగ్గా దక్కేది కాదు.

"నీకు నాలుగో సీటు చాలదే, ఐదోది కూడా కావాలి," అనేది ఆడవాళ్ళ పెట్టెలో సీట్ల పెత్తనం చేసే రత్నా సాహా. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవారు.

ఏం తింటున్నావని అడిగేవారు. పూటకు రెండు రొట్టెలని చెబితే ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవారు. తన ఒళ్ళే తన థైరాయిడ్ గ్రంథిని శత్రువనుకుని కొరుక్కు తింటోందనీ, అన్నం మానేసి చెరువు చుట్టూ నడిచినా ఆరు వారాల్లో మరో రెండు కిలోలు పెరిగాననీ చెప్పి చెప్పి ఆమెకు విసుగొచ్చింది. డాక్టరేమో మాత్ర మోతాదు మార్చి ఓపిక పట్టమంటాడు. ఇంట్లో అత్తగారు ఫ్రిజ్‌లో సందేశ్ మిఠాయిలు లెక్కపెట్టి మరీ పెడుతుంది.

ఒక్కరంటే ఒక్కరు తన మాట నమ్మితే చాలనిపించేది.

ఫాల్గుణంలో ఆ పెట్టెలోకి ఒక కొత్త మనిషి వచ్చింది. వయసు అరవైకి దగ్గర పడింది. ఈనెపుల్లలా ఉంది. రెండు రోజులు ఆ నవ్వులూ, సుతపా జవాబులూ వింది. మూడో రోజు సుతపా ఎక్కగానే లేచి నిలబడింది.

"నేను బారక్‌పూర్‌లో దిగిపోతాను. వచ్చి కూర్చో అమ్మాయ్."

దిగేవాళ్ళు తమ సీటు ఎవరికిస్తే వారిదే. దానికి రత్నా కూడా అడ్డు చెప్పడానికి లేదు.

మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. మూడు స్టేషన్లు నిలబడి, బారక్‌పూర్ రాగానే దిగి గుంపులో కలిసిపోయేది. పేరు చెప్పలేదు. ఏం తింటున్నావని అడగనూ లేదు.

ఆ నెల సుతపాకు మోకాళ్ళ నొప్పులు కాస్త తెరిపినిచ్చాయి. సాయంత్రం నడవడానికి ఒంట్లో సత్తువ మిగిలింది. అరకిలో తగ్గింది కూడా.

ఒక గురువారం ఆమె ఎక్కేసరికి సీటు మీద ఎర్రంచు చీర పరిచి ఉంది. పక్కన అయిదు రకాల వేపుళ్ళు. రత్నా చేతిలో పాయసం గిన్నె. ఎవరో శంఖం ఊదారు.

"ఏడో నెలేనా? దాచినా దాగుతుందటే? ఆవిడ రోజూ లేచి సీటిస్తుంటే మాకు అప్పుడర్థమైంది. ఇన్నాళ్ళూ అన్నవి మనసులో పెట్టుకోకు," అంటూ రత్నా చెంచా నోటికి అందించబోయింది.

సీమంతం. పదకొండేళ్ళుగా కడుపు పండని తనకు.

సుతపా గిన్నె పక్కకు నెట్టింది. ఎదురుగా నిలబడి ఉన్న ఆ మనిషి వైపు తిరిగింది.

"అంతా మీ వల్లే. సీటిమ్మని నేనడిగానా? ఇది బిడ్డ కాదు, జబ్బు. ఈ ఒళ్ళు మొయ్యడమంటే ఏమిటో మీకేం తెలుసు? మీ జాలి మీ దగ్గరే పెట్టుకోండి. రేపట్నుంచి నా కోసం లేవకండి."

ఆమె సుతపా మోచెయ్యి పట్టుకుని మెల్లగా కూర్చోబెట్టింది.

"ఇవాళ్టికి కూర్చో. శియాల్దా చాలా దూరం."

బారక్‌పూర్‌లో దిగిపోయింది. ఆ పెట్టెలో మళ్ళీ కనబడలేదు.

రత్నా సిగ్గుపడి పది రోజులు నోరు మూసుకుంది. పదకొండో రోజు నవ్వులు మళ్ళీ మొదలయ్యాయి.

వైశాఖం ఎండలో బల్ల అంచున వేలాడుతూ, పిన్నులమ్మే మాలతిని ఆపింది సుతపా. మాలతి స్టేషనుకో పెట్టె మారుతూ రైలంతా తిరిగే మనిషి.

"బారక్‌పూర్‌లో దిగే ఆ సన్నటావిడ కనబడటం లేదేం? నేను నోరు జారాను. ఒక్క మాట చెప్పుకోవాలి."

"బీథికా మాసీయా? పోయిన నెల రిటైరైపోయింది. ఊరు కూడా మారిపోయింది దీదీ. ఎక్కడికో తెలీదు."

"బారక్‌పూర్‌లో ఏ ఆఫీసు ఆవిడది?"

మాలతి వింతగా చూసింది.

"బారక్‌పూర్ ఏమిటి? ఆవిడ ఆఫీసు శియాల్దాలో. బారక్‌పూర్‌లో దిగి, పరిగెత్తి వెనక పెట్టె ఎక్కేది. చివరిదాకా నిలబడే వెళ్ళేది. కాళ్ళు వాచిపోయేవి."

"ఎందుకు?"

"దిగిపోతానని చెబితేనే కదా సీటు మీకివ్వనిస్తారు."



మాలతి పిన్నుల అట్ట భుజానికి తగిలించుకుని, తలుపు వైపు నడుస్తూ అంది.

"మీకున్న జబ్బే ఆవిడకీ ఇరవై రెండేళ్ళుగా ఉందట దీదీ, ఒకప్పుడు మీ అంత ఒళ్ళే ఉండేదట; ఆ పిల్ల చెప్పేది నిజమని ఈ రైల్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అనేది."