పన్నెండో ఫిల్ము

“ఈ మచ్చ నేను చూసినప్పుడు లేదు,” అంది డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెడుతూ.

తెర మీద ఎవరిదో మెదడు స్కాన్. అందులో బఠాణీ గింజంత తెల్లటి మచ్చ, చుట్టూ ప్రోగ్రాము గీసిన ఎర్ర గీత. ఆ గీత మీద కోడలి వేలు.

“ఉందత్తయ్యా. ఇదిగో, ఇక్కడ.”

“ఇప్పుడుంది. పొద్దున లేదు. ముప్పై ఏళ్ళ నుంచి ఇవే చూస్తున్నాను, నాకు కళ్ళు లేవా?”

కోడలు ఆ స్కాన్‌ని ఇంటికి తీసుకెళ్ళడానికి కాపీ చేసుకుంది. మచ్చలు కోడలే పెడుతోందన్న డాక్టరమ్మ అనుమానం ఇంకాస్త బలపడింది.

వేలకొద్దీ స్కాన్లు చూపించి, కణితి ఎలా ఉంటుందో కంప్యూటరుకి నేర్పింది కోడలే. డీప్ లెర్నింగ్ అంటారట. ఆసుపత్రివాళ్ళు దానికి నెల రోజులు పరీక్ష పెట్టారు. ముందు డాక్టరమ్మ చూసి రిపోర్టు రాస్తుంది, తర్వాతే ప్రోగ్రాము చూస్తుంది. ఇద్దరి మాటా కలవకపోతే బయటి డాక్టరు తేలుస్తాడు. అలా ఇప్పటికి పది వెళ్ళాయి. పదింట్లోనూ ప్రోగ్రామే గెలిచింది. ఇది పదకొండోది. నెల ముగిశాక డాక్టరమ్మ సంతకం అవసరమా కాదా అన్నది పైవాళ్ళు తేలుస్తారు.

సాయంత్రం ఇంట్లో కొడుకుతో అంది. “నీ పెళ్ళాం నా కుర్చీ లాగేస్తోందిరా.”

“ఊరుకో అమ్మా. పాపం, నువ్వు చూసిన స్కాన్లన్నీ ఇంటికి తెచ్చుకుని మళ్ళీ చూస్తోంది.”

“అదే అడుగుతున్నా. ఇంటికెందుకు తేవడం? అన్నం తింటుంటే నా కంచం వైపే చూస్తుంది, ముద్దలు లెక్కపెడుతున్నట్టు. ఇవాళ కాఫీ కూడా ఇవ్వలేదు.”

“నీ ఎడమ మోచేతి పక్కనే ఉందిగా.”

తిరిగి చూసింది. కప్పు ఉంది, చల్లారిపోయి. ఎప్పుడు పెట్టింది? అడుగుల చప్పుడైనా వినపడలేదు.

మర్నాడు టెక్నీషియన్‌ని పిలిచింది. “మెషిన్‌లోంచి ఫిల్ము నేరుగా నా చేతికివ్వు. మా కోడలి కంప్యూటరు దగ్గరికి పోకముందే.”

“మీ అత్తాకోడళ్ళ మధ్య నన్నెందుకు ఇరికిస్తారు మేడమ్,” అని గొణుగుతూనే ఇచ్చాడు.

ఆమె ఫిల్ముని లైటు పెట్టె మీద పెట్టి నిదానంగా చూసింది. కణితి లేదని రాసింది. ఫిల్ముని కవర్లో పెట్టి, అంటించి, అతుకు మీద సంతకం చేసి సొరుగులో తాళం వేసింది.

మధ్యాహ్నం ప్రోగ్రాము కణితి ఉందంది.

దొరికిపోయింది, అనుకుంది డాక్టరమ్మ. కోడల్ని పిలిపించి, టెక్నీషియన్‌ని సాక్షిగా నిలబెట్టింది. అతుకు చెక్కుచెదరలేదని ఇద్దరికీ చూపించి, కవరు చించి ఫిల్ము లైటు మీద పెట్టింది.

“ఏదీ మచ్చ? చూపించు.”

కోడలు ఫిల్ముని కాక అత్తగారి కళ్ళనే చూసింది. టెక్నీషియన్ ఫిల్ముని చూశాడు, డాక్టరమ్మని చూశాడు, తల దించుకున్నాడు.

“నువ్వైనా చెప్పవయ్యా.”

“ఉంది మేడమ్.”

“ఓహో. నిన్ను కూడా తన వైపు తిప్పుకుందన్నమాట.”

కోడలు ముందుకొచ్చి ఫిల్ముని తలకిందులు చేసి పెట్టింది. మచ్చ తెల్లగా, స్పష్టంగా కనిపించింది.

డాక్టరమ్మ దాని మీద వేలు పెట్టింది. “ఏం మార్చావు?”

“ఏమీ మార్చలేదు. తిప్పానంతే.”

“ఇందాక లేదే.”

కోడలు కుర్చీ లాక్కుని ఆమెకు ఎదురుగా కూర్చుంది.

“ఈ నెలలో పన్నెండు వదిలేశారత్తయ్యా. పన్నెండూ ఫిల్ములో ఎడమవైపువే. కుడివైపున ఉన్నది ఒక్కటీ వదల్లేదు.”

“అయితే?”

“కంచంలో అన్నం కూడా ఎడమవైపే మిగులుస్తున్నారు. మీకు స్కాన్ తీయించాలి.”