సింగన్న కిటికీ

తుమ్మకొమ్మలకు గూళ్ళు వేలాడదీసుకుని బతికే గిజిగాళ్ళలో సింగన్న పనితనానికి ఎవరూ వంక పెట్టలేరు. వాడి పిచ్చల్లా ఒక్కటే, గూటికి కిటికీ పెట్టాలని.

గూడు సగమయ్యాక ఆడపక్షులు వచ్చి ముక్కుతో లాగి చూడడం వాళ్ళ ఆచారం. వాళ్ళందరికీ పెద్దదైన పెద్దత్త వచ్చి లాగి చూసింది. కిటికీ కనబడగానే మండిపడింది.

“ఇదెందుకురా? పాము రావడానికా?”

“వాన చూడ్డానికత్తా.”

“తడిస్తే తెలుస్తుందిలే వాన!” అని గూడంతా పీకి కింద చెరువు నీళ్ళలో పారేసింది. మూడుసార్లు అల్లాడు, మూడుసార్లూ పీకింది.

సింగన్న అలిగి, కొండలు దాటి కొంగల దేశానికి ఎగిరిపోయాడు. కొంగలు వాణ్ణి నెత్తిన పెట్టుకున్నాయి. “ఆహా, ఏం అల్లిక!” అన్నాయే గానీ, ఒక్కటీ ముక్కుతో లాగి చూడలేదు. మెచ్చుకోవడానికి చూడక్కర్లేదు కదా! కిటికీ మొదలుపెట్టగానే మాత్రం కొంగల పెద్ద మెడ సాచింది.

“అది వద్దు బాబూ. మీ అడవిలో అల్లినట్టే అల్లు. మాకదే ముచ్చట.”

“మా అడవిలో నేనల్లింది ఇదేనండీ!”

“మీవాళ్ళు ఏం అల్లుతారో మాకు తెలీదా ఏంటి?”

సింగన్నకి నవ్వొచ్చింది. ఆ వెనకే పెద్దత్త గుర్తొచ్చింది. ఆ మహాతల్లి పీకింది నిజమే. కానీ పీకే ముందు పోచపోచా తడిమింది, ఎందుకురా అని అడిగింది.

“కిటికీ లేకుండా నేనల్లనండీ,” అన్నాడు.

“అయితే నీ గూటివైపు ఎవరూ రారు,” అని కొంగలు వెళ్ళిపోయాయి.

సింగన్న కిటికీ పూర్తిచేసి, తల బయటపెట్టి, తనను తిట్టిన నోళ్ళన్నీ తలుచుకుని ఏడ్చాడు. ఏడుస్తూనే రెండో కిటికీకి పోచ చీల్చాడు.