డాలుకు వేసిన ముడి

"ఆ డాలుతో దిగితే చస్తావురా అబ్బీ!"

కోది వెనక్కి తిరిగాడు. ఎవరో ముసలాయన. ఈ కొండవాడు కాదు.

కోతలయ్యాక కొండ ఊళ్ల మధ్య జరిగే కర్ర పోటీ అది. కిందటేడు అవతలి కొండకు చెందిన అంగాలో అనేవాడి చేతిలో కోది చిత్తుగా ఓడిపోయాడు. ఆడపిల్లలు ఆ ఓటమి మీద పాట కట్టి ఏడాది పొడుగునా పాడారు. తను మనువాడాలనుకున్న నాలీ కూడా గొంతు కలిపింది! ఇవాళ మళ్లీ ఆ అంగాలోతోనే పోటీ. ఈసారి కూడా ఓడితే నాలీ ముందు తలెత్తుకోలేడు.

అసలే పోటీకి వేళవుతుంటే మధ్యలో ఈయనొకడు.

"తాతా, జొన్నకల్లు కుండలు అటున్నాయి. దారి తప్పావు."

కోది స్నేహితులు ఘొల్లుమన్నారు. ముసలాయన కూడా నవ్వాడు.

"తాగుదాంలే. ముందు నీ డాలు పట్టీ చూసుకో. తడారని తోలు కట్టావు. నాలుగు దెబ్బలకే సాగిపోయి, డాలు ఊడి పడుద్ది."

"నువ్వెప్పుడైనా కర్ర పట్టావా అసలు?"

"పట్టకేం? మేకల్ని తోలడానికి."

మళ్లీ నవ్వులు. ఎందుకైనా మంచిదని కోది పట్టీని గట్టిగా లాగి చూశాడు. అది బెత్తెడు సాగింది. వాడి నవ్వు ఆగిపోయింది.

అవతల డప్పులు మోగుతున్నాయి. కొత్త పట్టీ ఎక్కడ దొరుకుతుంది?

ముసలాయన తన నడుముకున్న తోలు పట్టా విప్పి, డాలుకు బిగించి ముడేశాడు. జారిపోతున్న మొలగుడ్డను ఒక చేత్తో పట్టుకుని అన్నాడు.

"ఇక పో. మగాడిలా కొట్లాడు."

అంగాలో దెబ్బలు డాలు మీద టపటపా పడ్డాయి. డాలు మాత్రం కదల్లేదు. అదను చూసి కోది వాడి నెత్తిన ఒక్కటిచ్చాడు. అంగాలో కూలబడ్డాడు. పెద్దలు కర్రలు అడ్డం పెట్టి, కోది గెలిచాడన్నారు.

అందరికంటే ముందు నాలీయే పాటెత్తుకుంది. ఈసారి పాట కోది గెలుపు మీద! వాడి ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

"ఒరేయ్, ఆ తాతేడిరా? మొదటి బుర్రెడు కల్లు ఆయనకే పొయ్యాలి!"

కల్లుబుర్ర పట్టుకుని జనంలో అంతా వెతికాడు. చివరికి దిగువ దారి పక్కన, బండ మీద కనిపించాడు ముసలాయన. ఎదురుగా కూర్చున్న అంగాలో నెత్తిన కట్టు కడుతున్నాడు.

"నొప్పిగా ఉందా?" అని ఆయన అడుగుతున్నాడు.

"ఆ ముడేదో కాస్త వదులుగా వెయ్యాల్సింది నాన్నా," అంటూ అంగాలో నవ్వుతున్నాడు.