దుప్పటి కింద అద్దం

ఉప్పునీళ్ల చేపల తొట్టె పెట్టి రెండు నెలలైంది. నా భార్య యమున పోయాక అద్దం తుడిచేవాళ్లు లేరు. ఆమె ముచ్చటపడి తెచ్చిన బతికున్న పగడాన్ని పాచి సగం కమ్మేసింది.

“సార్, మూడు రోజులు లైటు బంద్ జేసి దుప్పటి కప్పుండ్రి. మధ్యల తీసి చూస్తే ఇగ పగడం దక్కది,” అన్నాడు చేపల దుకాణం హమ్మాద్.

రెండో రాత్రి దుప్పటి కింద అద్దం గీకుతున్న చప్పుడు వినిపించింది. పాచి గీకే అయస్కాంతానికి రెండు ముక్కలు. బయటిది జరిపితేనే తొట్టెలోది కదులుతుంది. సొరుగు తీసి చూశాను. బయటిది అక్కడే ఉంది.

పైనుంచి కిందికి, మూలలో కాస్త ఆగి, మళ్లీ. యమున పద్ధతే. భయం కంటే ముందు ఊరట కలిగింది. దుప్పటి అంచు పట్టుకుని, పగడం గుర్తొచ్చి వదిలేశాను.

“అలసిపోతవ్ యమునా. ఇగ పండుకో,” అన్నాను.

చప్పుడు ఆగింది. లోపలి గదిలో మంచం కిర్రుమంది.