ఆనుకుని నడిచే దూడ

"దీని కాళ్లల్ల జీవం లేదే. సూడు, మళ్ల తల్లి మీదనే ఆనుకున్నది," అన్నాడు లింబయ్య.

భార్య దేవవ్వ పాలచెంబు పక్కన పెట్టి చూసింది. దూడ ముందు తల్లి మూతిని తాకింది. తర్వాత మెడ మీదుగా, డొక్క మీదుగా ఒళ్లు రాసుకుంటూ పొదుగు దాకా వెళ్లి పాలు అందుకుంది.

పుట్టిన కొత్తలో అది నేరుగా పొదుగు దగ్గరికే వచ్చేది. వచ్చినప్పుడల్లా బర్రె ఉలిక్కిపడి తన్నేది. నిండు సూడితో అంగట్లో కొన్న బర్రె, ఈనేదాకా కొట్టం దాటించలేదు. కొత్త చోటుకు బెదురుతోందనుకున్నారు. ఆ తన్నులకే దూడ నడుము దెబ్బతిందని లింబయ్య అనుమానం.

దీని వెనక పుట్టిన పక్కింటి దూడ అప్పుడే తోకెత్తి ఉరుకుతోంది. ఇది గంతు వేయదు. కాలువకు తోలుకుపోయినా తల్లి మెడకు భుజం ఆనించే నడుస్తుంది.

"డాక్టరు సూసిండు గద. దుడ్డెకు కాళ్లు, కండ్లు అన్ని మంచిగనే ఉన్నయన్నడు," అంది దేవవ్వ.

"మరి ఎందుకు ఉరుకుతలేదు? మగదుడ్డె, ఆపైన నడువనిది. సాకి ఏం చేస్తం? ఆత్మారాంకు చెప్పిన. ఇయ్యాల వస్తడు."

ఆత్మారాం కోతకు పశువులను కొంటాడు. దేవవ్వ దూడ వీపు నిమిరింది.

"ఇంకొన్ని దినాలు పాలు తాగనియ్యి. బలమొస్తది."

లింబయ్య లేచి తాడు వెతికాడు.

మధ్యాహ్నం ఆత్మారాం ఆటో వచ్చింది. లింబయ్య దూడ మెడకు తాడు వేసి లాగాడు. అది కాళ్లు నేలకు తన్నిపట్టి పెనుగులాడితే అతనే తూలాడు.

"గిదేనా బలం లేని దుడ్డె, లింబన్నా?" అన్నాడు ఆత్మారాం.

దూడ అరిచింది. కొట్టంలో బర్రె పలుపు తెంపుకుని ఆ అరుపు వైపు ఉరికింది. నడివాకిట్లో నిలబెట్టిన చెరుకు ట్రాలీకి గుద్దుకుంది. వెనక్కి జరిగి మళ్లీ అక్కడే గుద్దుకుంది. నుదుటి మీద నెత్తురు కారింది.

లింబయ్య చేతిలోని తాడు జారిపోయింది. దూడ తోకెత్తి ఒక్క ఉరుకు ఉరికింది. తల్లి మూతిని తాకి, మెడకు భుజం ఆనించి, మెల్లగా ట్రాలీ పక్కనుంచి తిప్పి కొట్టం వైపు తీసుకుపోయింది.

దేవవ్వ ఎదురెళ్లి బర్రె ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని కళ్లలోకి చూసింది.

బర్రెకు చూపు లేదు.